నూట యెనుబది రాళ్ళ దారి

జపాను దేశమున ఒసాకా మహానగరమునకు దక్షిణముగా, రైలులో సుమారు రెండు గంటల దూరమున కోయా అను కొండ కలదు. కొండ అనినంతనే మనకు ఒక శిఖరము, దానిపై ఒక గుడి, ఆ గుడికి మెట్లు తలపునకు వచ్చును. కోయా అట్టిది కాదు. సముద్రమట్టమునకు 800 మీటర్ల ఎత్తున, చుట్టును ఎనిమిది శిఖరములు రేకులవలె నిలువగా, నడుమ తామరదుద్దువలె పరచుకొనిన చదునునేల అది. ఆ నేలమీద నేడు 117 బౌద్ధాలయములును, వానిని ఆశ్రయించుకొని ఒక చిన్న పట్టణమును ఉన్నవి. బడి కలదు, తపాలా కచేరి కలదు, మిఠాయి దుకాణములు కలవు. ఈ క్షేత్రమునకు అంకురార్పణము 816 లో జరిగినది. ఆ యేట సాగ చక్రవర్తి ఈ కొండను కూకై అను భిక్షువునకు ఇచ్చెను.

ఇప్పుడు ఆ కొండ ఎక్కుట అతి సులభము. 1930 నుండి ఇనుపతాడుతో లాగబడు బండి యొకటి అయిదు నిమిషములలో యాత్రికుని పైకి చేర్చుచున్నది. కాని ఆ బండి రాకపూర్వము వేయి యేండ్లకు పైగా జనము కాలినడకన పోయిన దారి అడవిలో ఇంకను నిలిచియున్నది. దానిని చోఇషి-మిచి అందురు. చో అనునది పాతకాలపు దూరపుకొలత, మన లెక్కకు సుమారు 109 మీటర్లు. ఇషి యనగా రాయి. మిచి యనగా దారి. కొండ యడుగున జిసోన్-ఇన్ అను ఆలయము మొదలుకొని కొండమీది మహాస్తూపము వరకు చోకు ఒకటి చొప్పున 180 రాతిస్తంభములు నాటబడియున్నవి. అడుగున ఉన్నది నూట యెనుబదవ రాయి. ఎక్కినకొలది అంకె తరుగుచు వచ్చును. ఒకటవ రాయి కనబడినప్పుడు గమ్యము చేరినట్లు. ఈ దారిని నడచివచ్చిన వృత్తాంతమునే నేడు శ్రోతలకు మనవి చేయదలచితిమి.

ముందుగా ఆ రాళ్ళ సంగతి. కూకై కాలమున అచ్చట కొయ్యస్తంభము లుండెడివట. కొయ్య ఎండకు వానకు ఎంతకాలము నిలుచును? కకుక్యో అను ఆచార్యుడు 1265 లో వానికి బదులు రాళ్ళు నాటింప పూనుకొనెను. చక్రవర్తి కుటుంబము మొదలు కొలువులోని యోధులవరకు, సామాన్య భక్తులవరకు అందరినుండియు విరాళములు కూర్చి, ఇరువది యేండ్లు శ్రమించి 1285 లో పని ముగించెను. ఒక్కొక్క రాయి దాదాపు మూడు మీటర్ల ఎత్తు. చాలవరకు నాటి రాళ్ళే నేటికిని నిలిచియున్నవి. వాని ఆకారము మనవారికి వెంటనే బోధపడును. అడుగున నలుపలకల కంబము, అది పృథివి. దానిపై గుండ్రని భాగము, అది జలము. ఆపైన కోసుగా నున్నది అగ్ని. దానిమీద అర్ధచంద్రాకృతి వాయువు. కొనను మొగ్గవంటిది ఆకాశము. ఈ రీతిగా పంచభూతములు ఒక్క రాతిలో నిలువుగా పేర్చబడినవి. కంబముమీద సంస్కృత బీజాక్షర మొకటి సిద్ధమను ప్రాచీన భారతీయలిపిలో చెక్కబడి యుండును. దాని క్రింద చీనా అక్షరములలో అంకెయు, దాతపేరును ఉండును. గర్భధాతు మండలములోని 180 దేవతలకు ఈ 180 రాళ్ళు సంకేతములని ఆ సంప్రదాయమువారు చెప్పుదురు. 1313 లో గో-ఉద అను మాజీ చక్రవర్తి ఈ దారిని నడచి, రాయి రాయికిని నిలిచి మ్రొక్కుచు పోయెనని ప్రసిద్ధి.

మేము ముగ్గురము నడచితిమి. మా అక్కయ్య పల్నాటిసీమలో ముప్పది యేండ్లు బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్నది. వయస్సు అరువది దాటినది. ఆమె కుమార్తె, అనగా మా మేనకోడలు, ఒసాకాలో ఉద్యోగము చేయుచున్నది. బావగారు గతించిన తరువాత తల్లిని చూచుటకు ఆ బిడ్డ రెండేండ్ల కొకసారి మాత్రమే రాగలుగుచున్నది. ఈసారి తల్లియే పోవలెనని తీర్మానించుకొనగా మేము తోడుపోతిమి. కొండ నడువవలెనను ఆలోచన మాది. దారి పటములు చదివి కాలనిర్ణయము చేసినవారమును మేమే. ఈ మాట ముందుగానే చెప్పుకొనుట న్యాయము. ఎందుకనగా తరువాత జరిగినదంతయు ఆ కాలనిర్ణయములోని పొరపాటే.

అక్టోబరు చివరి వారమున ఒక ఉదయము కుదోయామా స్టేషనులో దిగితిమి. కుదోయామా యనగా తొమ్మిదిమార్ల కొండ. ఈ పేరు వెనుక ఒక కథ ఉన్నది. కూకై 774 లో షికోకు ద్వీపమున జన్మించెను. 804 లో చీనాకు ఓడ యెక్కి, చాంగాన్ నగరమున హుయిగువో అను గురువునొద్ద మంత్రయాన బౌద్ధమును అభ్యసించి, 806 లో తిరిగివచ్చి, జపానులో షింగోన్ అను సంప్రదాయమును స్థాపించెను. మరణానంతరము 921 లో ఆయనకు కోబో దైషి అను బిరుదు ఈయబడినది. జపానులో పసిబిడ్డలు కూడ ఎరిగిన పేరు అదియే. ఆ మహనీయుడు కొండపై ఆశ్రమము కట్టుకొనగా, వృద్ధురాలగు తల్లి కొడుకును చూడగోరి సముద్రము దాటి వచ్చినదట. కాని కొండమీదికి స్త్రీలు రాగూడదని నియమము. అందుచేత ఆమె కొండ అడుగున నివసించినది. కొడుకు నెలకు తొమ్మిదిమార్లు ఈ దారిని దిగివచ్చి తల్లిని చూచి పోవుచుండెనట. అందువలన ఊరికి ఆ పేరు. ఆమె నివసించిన స్థలమే జిసోన్-ఇన్ అని నమ్మకము. నేడది స్త్రీల ఆలయము. సుఖప్రసవము కోరువారు, బిడ్డకు పాలు సమృద్ధిగా కావలెననువారు, రొమ్మువ్యాధులు తగ్గవలెనని మ్రొక్కుకొనువారు గుడ్డతోను దూదితోను చేసిన రొమ్ముల ఆకృతులను కొయ్యపలకలకు అంటించి అచ్చట వ్రేలగట్టుదురు. మొదట చూచినప్పుడు మేము కన్నులు త్రిప్పుకొంటిమి. అక్కయ్య మాత్రము ఒక్కొక్క పలకను నిదానముగా చూచినది. చదువ రాకపోయినను చదువుచున్నట్లే నిలిచినది.

మేనకోడలు తల్లీకొడుకుల కథను అచ్చటి ఫలకమునుండి చదివి వినిపించినది. అంతయు విని అక్కయ్య, "నెలకు తొమ్మిదిసార్లా!" అనెను. మరల కొంత సేపటికి, "ఇరవై కిలోమీటర్లు దిగటం, ఇరవై ఎక్కటం. తొమ్మిదిసార్లు!" అనెను. అంతకుమించి ఏమియు అనలేదు. మేనకోడలు నీళ్ళసీసా నింపుకొనుటకు ప్రక్కకు పోయినది.

అచ్చటనుండి నూటపైచిలుకు మెట్లెక్కి కొండదేవతల గుడికి పోవలెను. ఆ మెట్ల ప్రక్కనే నూట యెనుబదవ రాయి. అక్కయ్య దానిని అరచేతితో తాకి కన్నుల కద్దుకొన్నది. "ఆ తల్లి ఎక్కలేని కొండ. నేను నడిచే ఎక్కుతాను తమ్ముడూ" అనెను. ఆమె అంత గట్టిగా ఒక మాట అనుట మేము చిరకాలము తరువాత వింటిమి.

మొదటి గంటయే మిక్కిలి కష్టము. దారి తిన్నగా పర్సిమ్మను తోటలగుండ ఎక్కును. పర్సిమ్మను మన సీమతునికి వంటి పండు. చూపునకు టమాటావలె నుండును. రంగు పండిన నారింజ. ఆకులు రాలుచున్న కొమ్మలకు వేలకొలది దీపములు కట్టినట్లుండెను. వెనుదిరిగి చూచినచో కినో నది లోయయంతయు వెండిపట్టీవలె కనబడును. తోటలు దాటగానే దేవదారును పోలిన వృక్షముల చీకటి. జపానువారు ఆ చెట్లను సుగి అందురు. నిలువుగా పెరిగిన ఆ మ్రానుల నడుమ దారి మెత్తని పొరక పరచినట్లుండును. కర్రలకు చిరుగంటలు కట్టుకొని నడువవలెనని అచ్చటచ్చట హెచ్చరికలు ఉన్నవి. ఆ సవ్వడికి ఎలుగుబంట్లు తొలగిపోవునట. మా ముగ్గురి గంటలును మూడు శ్రుతులు. ఆ సవ్వడి ముందుపోవుచుండ మేము వెనుక నడచితిమి.

నడకలో ఆ రాళ్ళు చేయు సహాయము అనుభవించిననే గాని తెలియదు. ఇరువది కిలోమీటర్లనిన మనస్సు బెదరును. నూట తొమ్మిది మీటర్లనిన ఎవరు బెదరుదురు? ఒక రాయి దాటగానే చెట్లనడుమ తరువాతి రాయి బూడిదరంగున కనబడును. నాచుపట్టి కొంచెము ఒరిగినది ఒకటి. వెదురుల చాటున దాగినది మరియొకటి. అక్కయ్య బడిలో పిల్లలచేత వెనుకనుండి ఎక్కములు చెప్పించినట్లు అంకెలను తగ్గించుచు లెక్కపెట్టుచు పోయెను. నూట అరువదికే ఆమె మోకాలు నొప్పి ప్రారంభమైనదని మాకు తరువాత తెలిసినది. అప్పుడు చెప్పలేదు.

నూట యిరువదవ రాయి సమీపమున కొండ నడికొప్పున రెండు రాతితోరణములు ప్రక్కప్రక్కన నిలిచియున్నవి. క్రింద లోయలో అమానో అను పల్లె. అచ్చట నియుత్సుహిమె అను దేవత వెలసియున్నది. ఆమె ఈ కొండకు అధిదేవత. కూకై క్షేత్రమునకు స్థలము వెదకుచు తిరుగుచుండగా తెల్లకుక్కను, నల్లకుక్కను వెంట బెట్టుకొనిన వేటగాడు దారి చూపెననియు, ఆ దేవతయే భూమిని అనుగ్రహించెననియు ఐతిహ్యము. బౌద్ధుడు వచ్చి పాతదేవతను వెడలగొట్టలేదు. అనుమతి యడిగి ప్రక్కన కూర్చుండెను. మనవైపు క్షేత్రములలోను ఇట్టి కథలు ఎన్నియో విందుము. అచ్చట కూర్చుండి, మేనకోడలి ఇంట ఉదయముననే అక్కయ్య కలిపిన పులిహోర తింటిమి. జపాను బియ్యము జిగురు. పులిహోర ముద్దగట్టి రాయివలె నయినది. ఆ ఆకలికి అది అమృతముగనే యుండెను.

ఇచ్చటనే మేము తప్పు చేసితిమి. లోయలోని ఆ దేవతాలయము చూడక పోరాదని పట్టుబట్టితిమి. "మామయ్యా, ఆలస్యమవుతుంది" అని మేనకోడలు అననే అనినది. మేము పటము విప్పి, అరగంటలో పోయి రావచ్చునని చెప్పితిమి. ఆలయము సుందరమే. ఎర్రని విల్లువంటి వంతెన, చెరువులో దాని నీడ, నిశ్శబ్దము. కాని దిగుటకు అరగంట, చూచుటకు అరగంట, తిరిగి ఎక్కుటకు అంతకు మించి. అరగంట పని గంటన్నర దాటినది.

తరువాతి అరువది రాళ్ళు చాలవరకు చదునుదారి. అందులో కొంతదూరము ఒక గోల్ఫు మైదానము అంచున నడువవలెను. ఏడువందల యేండ్ల రాయి ఇటు, తెల్లబంతిని కొట్టుచున్న పెద్దమనుష్యులు అటు. నడుమ ఒక వల. దీనిని గురించి ఇంతకుమించి చెప్పుటకు మాకు మనస్సొప్పకున్నది.

అరువదవ రాయి యదతే అనుచోట రహదారి ప్రక్కన ఉన్నది. అచ్చటికి చేరునప్పటికి నాలుగుంపావు దాటినది. ఆ మాసమున అచ్చట అయిదుంపావు లోపలనే సూర్యుడు క్రుంకును. మిగిలినది ఆరున్నర కిలోమీటర్లు, అందులోను ఎగుడుదారి. కొండపై ఆలయమొకదానిలో ఆ రాత్రికి బస ఏర్పాటు చేసికొంటిమి. అట్టి బసలలో భోజనము ఆరు గంటలకు ముందే వడ్డింతురు. ఆలస్యమైనచో భిక్షువులు కాచుకొని కూర్చుండవలెను. మేనకోడలు తల్లి మోకాలిని నొక్కి చూచినది. అది వాచియుండెను.

"అమ్మా, ఇక చాలు. రైలెక్కుదాం."

"ఇంకా అరవై రాళ్ళేగదా! నూటయిరవై దాటాం."

"చీకట్లో నిన్ను ఈ అడవిలో నడిపించనమ్మా. నేను నడిపించను."

మేము మధ్యవర్తిత్వము చేయబోయి మానుకొంటిమి. తప్పు మాది, తీర్పు వారిది. అక్కయ్య అరువదవ రాతివద్ద నిలిచి చాలసేపు చూచెను. తరువాత చేతికర్రను రాతికి ఆనించి, కండ్లజోడు తుడుచుకొని, కర్ర మరల తీసికొని దిగువదారి పట్టెను. కీ-హొసొకావా అను చిన్న స్టేషను అరగంట నడక. దారిపొడుగున ఆమె మాటాడలేదు. లెక్కయు పెట్టలేదు.

రైలు, ఆపైన ఇనుపతాటి బండి, ఆపైన బస్సు. అయిదు నిమిషములలో కొండ ఎక్కుట యనిన ఏమో మాకప్పుడు తెలిసినది. కొండ ఎక్కినట్లే ఉండదు. క్రింద ఒక స్టేషను, పైన ఒక స్టేషను, నడుమ చీకటి. బస్సు చీకటిలో మలుపులు తిరిగి ఒకచోట ఆగినది. మేనకోడలు కిటికీగుండ చూపి, "న్యోనిన్-దో. ఆడవాళ్ళ మంటపం" అని మెల్లగా చెప్పినది. పూర్వము కొండకు చేరు ఏడు దారులకును చివర ఇట్టి మంటపము లుండెడివి. స్త్రీలు అంతవరకే వచ్చి, అచ్చటనే ప్రార్థించి, కొండ అంచు వెంబడి చుట్టు తిరిగి పోవలసినవారు. నేడు నిలిచియున్నది ఇది యొక్కటే. 1872 లో ప్రభుత్వము ఆ నిషేధమును తొలగించినను, స్త్రీలు కొండపై కాపురముండుట 20వ శతాబ్ది ప్రారంభమునగాని కుదురుకొనలేదు. బస్సు అరనిమిషము ఆగి కదలినది. అక్కయ్య వెనుదిరిగి ఆ దీపమును కనుమరుగగువరకు చూచుచుండెను.

బసలో భిక్షువులు మా ఆలస్యమును గూర్చి ఒక మాటయు అనలేదు. అదియే మాకు సిగ్గు కలిగించినది. భోజనము శాకాహారము. ఉల్లి, వెల్లుల్లి కూడ లేవు. అక్కయ్యకు జపానులో నిశ్చింతగా తినగలిగిన మొదటి భోజనము అదియే యనవచ్చును. చలిలో గడ్డకట్టించి ఎండబెట్టిన సోయాచిక్కుడు పన్నీరు ఈ కొండ ప్రత్యేకత. దానిని కోయా-దోఫు అందురు. నూరిన నువ్వులతో చేసిన మరియొక ముద్ద ఇంకను రుచి. భోజనానంతరము ధ్యానమందిరము చూపిరి. గోడకు ఒక పటము వ్రేలాడుచుండెను. తెల్లని చంద్రబింబము, అందులో తామరపూవు, దానిపై ఒకే ఒక అక్షరము. సిద్ధలిపిలో అకారము. అన్ని ధ్వనులకును ఆది యగు ఆ అక్షరమును చూచుచు కూర్చుండుటయే ఇచ్చటి ధ్యానము. మేనకోడలు చెప్పగా విని, మా పంతులమ్మ ఆ రోజున మొదటిసారి నవ్వినది. "ముప్పై ఏళ్ళు దిద్దించిన అక్షరం. దీన్ని చూస్తూ కూర్చోవచ్చని నాకెవరూ చెప్పలేదు" అనెను. ఆపై కొంతసేపు మౌనముగా ఉండి, మాతో కాదు, కుమార్తెతో, "రేపు మళ్ళీ అక్కడికి దిగుదామా? అరవయ్యో రాయి దగ్గరికి" అనెను.

"మోకాలు?"

"రాత్రికి తగ్గుతుంది."

మేనకోడలు మా వంక చూచినది. ఈసారి మేము ఏ సలహాయు చెప్పలేదు.

మరునాడు మబ్బు. అదే బండిలో దిగి, అదే చిన్న స్టేషనునుండి ఎక్కి, తొమ్మిది గంటలకు అరువదవ రాతివద్ద మరల నిలిచితిమి. పూర్ణముగా నడచినట్లా కానట్లా యని మేము లోలోపల తర్కించుకొంటిమి గాని, అక్కయ్యకు ఆ సందేహమే లేదు. విడిచినచోటనే పట్టుకొనినది.

కొంతదూరము పోగానే దారిప్రక్క రెండు బండలు ఉన్నవి. మొదటిదానిపై కూకై తన కాషాయమును వ్రేలాడదీసెనట. రెండవదాని కథ వినదగినది. తల్లి ఎట్లైనను కొండ ఎక్కుదునని పట్టుబట్టి ఇంతవరకు వచ్చినదట. కొడుకు వలదని తన కాషాయమును దారికడ్డముగా పరచెను. ఆమె దానిని దాటగా వస్త్రము భగ్గుమని మండి, ఆకసమునుండి నిప్పులవాన కురిసినదట. అంతట కొడుకు ఒక మహాశిలను చేతితో పైకెత్తి తల్లిని దానిక్రింద దాచెను. ఆ చేతిముద్ర నేటికిని కలదని చూపుదురు. మాకును ఒక గుంట కనబడినది. వాన సన్నగా మొదలైనది. మేము ముగ్గురము ఆ బండ క్రిందికే చేరితిమి.

అక్కయ్య పైనున్న రాతిని చూచుచు, "ఇంత బండను ఎత్తాడుగదా, ఆ నియమాన్ని ఎత్తెయ్యలేకపోయాడా?" అనెను.

ఈ ప్రశ్నకు సమాధానము మాకు దొరకలేదు. కొండను ఎరిగినవారిని అడిగి చూచినను, ఆ కాలపు ధర్మము అది యని చెప్పుదురేమో. కాని కథ అల్లినవారికిని ఆ ప్రశ్న తట్టియుండును. లేనిచో తల్లిని అంతదూరము నడిపింపనేల? నిప్పులవాన కురిపింపనేల? బిడ్డచేత బండ నెత్తింపనేల? నియమమునకు బద్ధులై, దానివలన కలిగిన నొప్పిని మాత్రము రాతిలో దాచిపెట్టిరని మాకు తోచినది.

మేనకోడలు మెల్లగా, "నెలకు తొమ్మిదిసార్లు దిగాడంటే అందుకేనేమో అమ్మా" అనెను. వాన తగ్గువరకు వారిద్దరును ఆ బండక్రింద ప్రక్కప్రక్కన కూర్చుండిరి. వారేమి మాటలాడుకొనిరో మేము వినలేదు. కొంచెము ఎడముగా నిలిచితిమి.

ఆ పైదారి నిలువుగా ఎక్కును. ముప్పది, ఇరువది, పదునైదు. తడిసిన వేళ్ళు జారును. ఒక్కొక్క రాతికడ ఆగి, ఊపిరి కూడదీసికొని, తరువాతి రాతిని చూపులతో వెదకికొని మరల అడుగు వేయుట. తల్లి చేయి కూతురు పట్టుకొనినదో, కూతురి చేయి తల్లి పట్టుకొనినదో చెప్పలేము. హఠాత్తుగా చెట్లు తొలగి, పొగమంచులో ఎర్రని మహాద్వార మొకటి కనబడినది. దానిని దైమోన్ అందురు. ఎత్తు 25 మీటర్లు. ఇప్పుడున్నది 1705 నాటి కట్టడము. ఇరువైపుల ద్వారపాలకులు కోపదృష్టితో నిలిచియుందురు. ముందునాడు బస్సుకిటికీనుండి చూచిన ఊరే అది. కాని ఈ ద్వారముగుండ ప్రవేశించునప్పుడు అది వేరు ఊరు.

మిగిలిన కొన్ని రాళ్ళును ఊరివీధి ప్రక్కన, దుకాణముల ముందు, నిలిచిన మోటారుకార్ల నడుమ ఉన్నవి. ఎవరును వానిని చూడరు. అక్కయ్య పైకే లెక్కపెట్టుచు, ఒకటవ రాతిని ముట్టి, అచ్చటనే తడినేలపై కూర్చుండెను. మేము ఏమియు మాటాడలేదు.

మహాస్తూపమును కొంపోన్ దైతో అందురు. ఎత్తు 48 మీటర్లకు పైన. మంటలలో పలుమార్లు కాలి, 1937 లో పునర్నిర్మింపబడినది. సిందూరవర్ణము కొంత ఎక్కువయని మా అభిప్రాయము. లోపల మహావైరోచనుడు, ఆయన చుట్టు నలుగురు బుద్ధులు, స్తంభములపై పదునార్గురు బోధిసత్త్వులు. గోడలమీద ఈ మంత్రయానమును తరతరములుగా అందించిన అష్టాచార్యుల చిత్రములు కలవు. ఆ వరుసలో మొదటివాడెవరో మేనకోడలు చదివి చెప్పగా మేము ఉలికిపడితిమి. నాగార్జునుడు! దక్షిణ భారతమున ఒక ఇనుపస్తూపము ద్వారములు తెరపించి ఈ విద్యను ఆయన లోకమునకు తెచ్చెనని షింగోన్‌వారి గాథ. ఆ స్తూపము మన అమరావతి స్తూపమే యని కొందరు పండితులు ఊహించిరి. మాధ్యమిక దర్శనకర్తయగు నాగార్జునుడును, ఈ మంత్రాచార్యుడును ఒక్కరే యగుదురా యనుటలో పండితులలో ఏకాభిప్రాయము లేదు. కాని మా అక్కయ్య నాగార్జునకొండకు పడవలో పిల్లలను ఎన్నియో మార్లు తీసికొనిపోయిన పంతులమ్మ. ఆమెకు ఆ వాదముతో పనిలేదు. ఆమె ఆ చిత్రము ఎదుట, పరదేశములో తన ఊరివాని చూచినట్లు నిలిచెను.

ఆ సాయంకాలము ఒకునోఇన్‌కు పోతిమి. స్తూపమునుండి అచ్చటికి మరి 36 రాళ్ళు. రెండు కిలోమీటర్ల పొడవున మహావృక్షముల నీడలో రెండు లక్షలకు పైగా సమాధులు. రాజులవి, సైన్యాధిపతులవి, వ్యాపారసంస్థలవి. తాము చంపిన చెదపురుగుల ఆత్మశాంతికై ఆ వృత్తివారు నిలిపిన రాయి కూడ ఒకటి కలదు. కొనను కూకై సమాధి. 835 లో ఆయన మరణింపలేదనియు, ధ్యానములో నున్నాడనియు విశ్వాసము. నేటికిని దినమునకు రెండుమార్లు ఆయనకు భోజనము తీసికొనిపోవుదురు. వంతెన దాటిన తరువాత ఛాయాచిత్రములు తీయరాదు. మేము తీయలేదు. తీయవలెననియు తోచలేదు.

మరునాడు ఒసాకాకు రైలులో దిగుచుండగా కుదోయామా స్టేషను వచ్చినది. అక్కయ్య కిటికీవైపు జరిగి జిసోన్-ఇన్ కనబడునేమోయని చూచెను. కనబడలేదు. ఇండ్లు, పర్సిమ్మను చెట్లు.

"ఇక్కణ్ణుంచి ఒసాకాకు ఎన్ని రాళ్ళు అవుతాయే?" అనెను.

మేనకోడలు మనస్సులోనే లెక్కగట్టి, "నాలుగైదు వందలు ఉండొచ్చమ్మా" అనినది.

"మరి మన ఊరికి?"

ఆమె వెంటనే చెప్పలేదు. చేతిఫోను తీసి లెక్క మొదలుపెట్టినది. రైలు కినో నది వంతెన ఎక్కినది.